గోడ మీద నెమలికంఠం రంగు

నేను ఇన్నేళ్ళుగా మోస్తున్న బరువు ఒక సీసాడు నీళ్ళు. నెమలికంఠం రంగు కలిపిన నీళ్ళు. సీసా ఆ రోజే పారేశాను. బరువు దిగలేదు.

నా పేరు చెప్పను. పేరు చెబితే మీరు ఒక ముఖం ఊహించుకుంటారు. ముఖం కనబడితే జాలి పుడుతుంది. మీ జాలి నాకు వద్దు. నేను ఏడవబోవడం లేదని కూడా ముందే చెబుతున్నాను. కొందరు తప్పు ఒప్పుకునేటప్పుడు ముందు బోరుమంటారు. ఎదుటివాళ్ళు ఓదార్చడంలో పడిపోయి అసలు సంగతి అడగడం మరిచిపోతారు. ఆ తెలివి నాకూ ఉంది. వాడను. మీరు వినండి, నేను చెబుతాను.

నేను సికింద్రాబాద్‌లో లీకేజీ పనులు చేస్తాను. సెల్లార్లలోకి ఊరే నీళ్ళు, గోడల మీద పొంగి రాలే సున్నం, పునాది పక్కన కుంగిన నేల, ఇవీ నా పనులు. పోయిన వానాకాలం దాకా వానలు మొదలైతే నా ఫోన్ ఆగేది కాదు. దూరాన బొల్లారం నుంచి కూడా పిలిచేవారు. "ఆయన గోడ మీద చెయ్యి పెడితే చాలు, నీళ్ళు ఏడికెల్లి వస్తున్నయో చెప్తడు" అని నా గురించి అనేవారు. విని తల వంచుకునేవాణ్ణి. వినయం అనుకునేవారు. ఆ పేరు నాకెలా వచ్చిందో చెప్పడానికే ఇదంతా.

ఈ పనిలోకి రాకముందు నేను ఇళ్ళు కట్టే మేస్త్రిని. పద్మారావు నగర్‌లో నర్సింగరావు గారు తన తల్లి కాలం నాటి పెంకుటిల్లు పడగొట్టి, కింద సెల్లార్ పెట్టి కొత్త ఇల్లు కట్టించుకున్నారు. కట్టింది నేనే. అప్పటికాయన రైల్వేలో ఉద్యోగం చేస్తున్నారు. పొద్దున వెళ్తే సాయంత్రం వచ్చేవారు. పని మొత్తం నా చేతిలో పెట్టి వెళ్ళేవారు. ఆ జాగాలో ఒక మూల, పక్కింటి గోడను ఆనుకుని, పాత బావి ఉండేది. దాన్ని మూసి, దాని మీదుగా సెల్లార్ ఫ్లోర్ వేయాలి.

బావిని మూయడమంటే గొయ్యి పూడ్చినట్టు కాదు. ముందు ఇంటి ఆడవాళ్ళు పసుపు కుంకుమ చల్లి, పాలు పోసి దండం పెట్టుకుంటారు. ఆ తర్వాత ఊట కదలడానికి అడుగున ఇసుక, కంకర పోయాలి. దాని మీద మొరం పొరలు పొరలుగా వేసి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిసతో కొట్టాలి. మధ్యలో ఒక పైపు నిలబెట్టి పైదాకా తీసుకురావాలి. బావికి ఊపిరాడాలని పెద్దవాళ్ళు అంటారు. నమ్మకం అనుకున్నా పనితనం అనుకున్నా ఆ పైపు ఉండాల్సిందే. ఇవన్నీ నాకు తెలుసు. తెలియక చేశానని ఎవరైనా నా తరఫున మాట్లాడబోతే నోరు మూయించండి.

నర్సింగరావు గారి భార్య శారదమ్మ పసుపు కుంకుమ వేసింది, పాలు పోసింది. వాళ్ళు చూస్తుండగా నేను కాస్త ఇసుక పోయించి, పైపు నిలబెట్టి, దిమ్మిస పట్టుకుని ఫోజు పెట్టాను. ఆయన ఆఫీసుకు వెళ్ళాక పడగొట్టిన ఇంటి చెత్తంతా అందులో వేయించాను. విరిగిన పెంకులు, సున్నం పెళ్ళలు, ఇటుక ముక్కలు, చెదలు పట్టిన దూలాలు, చివరికి నీలం రంగు వేసిన పాత దర్వాజా కూడా. లేకపోతే ఆ చెత్తను ఊరి బయటికి తోలించాలి, మొరం ఊరి బయటి నుంచి తెప్పించాలి. రెండూ తప్పించుకున్నాను. ఫ్లోర్ పోసే రోజు పైపు అడ్డం వచ్చింది. కోసేసి దాని మీద కాంక్రీట్ పోశాను.

అప్పుడు మనసులో ఏదో గుచ్చుకుందని ఇప్పుడు రాయొచ్చు. అబద్ధమవుతుంది. ఆ సాయంత్రం నేను హాయిగా చాయ్ తాగి ఇంటికెళ్ళాను.

కొన్నేళ్ళకు ఇళ్ళు కట్టడం మానేసి లీకేజీ పనుల్లోకి వచ్చాను. ఒక వానాకాలం నర్సింగరావు గారు ఫోన్ చేశారు. సెల్లార్‌లో శారదమ్మ పిల్లలకు ట్యూషన్లు చెబుతోందట. గోడ చెమ్మగిల్లుతోందట. ఏ మూల అని అడిగాను. ఆయన చెప్పకముందే నాకు తెలుసు. అప్పుడే చెప్పేసి ఉంటే ఏమయ్యేది? తిట్టేవారు. ఫ్లోర్ తవ్వి, చెత్త తీసి, నా చేతి డబ్బులతో బావిని సరిగ్గా మూసేవాణ్ణి. అంతే కదా? అంతకంటే ఏముంది? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో. ప్రతిసారీ చెప్పేయడమే తేలిక అని తేలుతుంది. ప్రతిసారీ నేను చెప్పని మనిషినే.

గోడకు కోటింగ్ వేశాను. వాన పడగానే మళ్ళీ చెమ్మ. గోడకు రంధ్రాలు వేసి చేతిపంపుతో సిమెంట్ పాలు ఎక్కించాను. మళ్ళీ వానాకాలానికి ఆ రంధ్రాల పక్కనుంచే నీళ్ళు. బావిలో చెత్త మధ్యన అన్నీ ఖాళీలే. పైకి రావడానికి పైపు లేదు కాబట్టి నీళ్ళు గోడ మొదలు పట్టుకుని వస్తున్నాయి. పిల్లలు చాపలు లాక్కుని గోడకు దూరంగా జరిగి కూర్చునేవారు. నర్సింగరావు గారు మంచివారే, కానీ ఆయన ఓపిక కూడా అయిపోయింది. ఒక రోజు సెల్లార్ మెట్ల మీద నిలబడి పక్కింటి వైపు చెయ్యి చూపించారు.

"ఆమె హౌజ్ ఈ గోడకే ఉన్నది గద మేస్త్రీ. పొద్దందాక నీళ్ళే నీళ్ళు. గవే దిగుతున్నయేమో."

"ఉండొచ్చు సార్" అన్నాను.

ఆమె మీద నా మొదటి అబద్ధం అదే. ఎంత చిన్న మాట! పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఉండొచ్చు అన్నాను గానీ ఉంది అనలేదు కదా అని ఆ రాత్రి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మనిషి తనకు తాను వకీలు అయితే కేసు ఓడిపోవడం కష్టం.

ఆ హౌజ్ జహీరా ఆపాది. హౌజ్ అంటే పెరట్లో సిమెంట్‌తో కట్టిన నీళ్ళ తొట్టి. ఆపా బట్టలకు రంగు వేసేది. భర్త పోయాక ఆ పనితోనే ఇల్లు నడిపింది. బజారులో చీరల దుకాణాలవాళ్ళు బ్లౌజు గుడ్డలు, దుపట్టాలు పంపితే, చీర కొంగు పక్కన పెట్టుకుని, అదే రంగు పెద్ద హండాలో మరిగించి, గుడ్డ ముంచి తీసి హౌజ్‌లో జాడించేది. పెరట్లో తీగల మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు ఆరుతూ ఉండేది. మా ఆవిడ పెళ్ళిచీర వెలిసిపోతే మళ్ళీ రంగెక్కించింది ఆపాయే. ఆమె కుటుంబం ఆ గల్లీలో నర్సింగరావు గారి తల్లి కాలం నుంచీ ఉంది. రెండిళ్ళవాళ్ళూ ఊరెళ్తే తాళంచెవులు పక్కింట్లో ఇచ్చి వెళ్ళేవారు.

చెమ్మ పెరిగేకొద్దీ ఆ తాళంచెవులు ఇచ్చుకోవడం ఆగిపోయింది. అక్కా అన్నట్టు పిలిచే "ఆపా" కాస్తా "వాళ్ళు" అయింది. వాళ్ళ నీళ్ళు, వాళ్ళ మోరీ, వాళ్ళ పద్ధతే అంత. చాయ్ దుకాణం దగ్గర కూడా అదే ముచ్చట. ఆ మాటలు నేను పుట్టించలేదు. కానీ వాటిని ఒక్క మాటతో ఆపగలిగినవాణ్ణి ఆ గల్లీ మొత్తంలో నేనొక్కణ్ణే. నేను చాయ్ తాగుతూ విన్నాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ తొట్టి కారుతోందో తేలనప్పుడు అందులో చిక్కటి రంగు కలిపి వదిలేస్తాం. ఆ రంగు గోడ మీద తేలితే నీళ్ళు ఆ తొట్టివే. తేలకపోతే కావు. నర్సింగరావు గారు ఆ పరీక్ష చేద్దామన్నారు. ఆపా వెంటనే ఒప్పుకుంది. నేను రంగు డబ్బా తీసుకుని వెళ్తే పక్కకు నెట్టేసింది.

"రంగు నేనే కలుపుతా. బజార్ల దొరికేది ఎవరన్న పోయొచ్చు. నా నెమలికంఠం ఇంకెవ్వరి తాన దొరకదు. గది మీ గోడ మీద కనవడ్డ దినం నా హండాలు బోర్లిస్తా. మల్ల రంగుల చెయ్యి పెట్ట."

గల్లీలో నలుగురూ విన్నారు. ఆమె గొప్పకు అన్న మాట కాదు అది. తన హౌజ్ మీద ఆమెకు అంత నమ్మకం.

హౌజ్ నిండా నెమలికంఠం రంగు నిలిచింది. వాన నీళ్ళు కలవకుండా పైన రేకు కప్పాం. రోజూ పొద్దున నర్సింగరావు గారు టార్చి వేసి గోడ చూసేవారు. చెమ్మ ఉంది, రంగు లేదు. నేను రోజూ ఆపా పెరట్లోకి వెళ్ళి హౌజ్‌లో నీళ్ళు తగ్గాయేమో కొలిచేవాణ్ణి. తగ్గలేదు. "ఏందీ మేస్త్రీ, కనవడ్డదా?" అని ఆపా నవ్వుతూ అడిగేది. చివరికి ఒక సెలవు రోజు పొద్దున నర్సింగరావు గారు తలపట్టుకుని అన్నారు: "ఆమెది గాదు మేస్త్రీ. ఉత్తగనే బద్నాం జేసినం. రేపు ఫ్లోర్ తవ్వి చూద్దాం."

రేపు ఫ్లోర్ తవ్వితే ఏం బయటపడుతుందో నాకు తెలుసు. తన తల్లి ఇంటి దర్వాజాను ఆయన గుర్తుపట్టకుండా ఉంటారా?

ఆ మధ్యాహ్నం ఆపా రంగు వేసిన బట్టలు ఇవ్వడానికి బజారుకు వెళ్ళింది. నర్సింగరావు గారింట్లో భోజనాలు చేసి నడుం వాల్చారు. హౌజ్ చూడటం నా పనే కాబట్టి ఆ పెరట్లోకి నేను వెళ్తే అడిగేవాళ్ళు లేరు. రేకు జరిపి సీసా ముంచాను. సెల్లార్‌లోకి వచ్చి, ఆ నీళ్ళు చేతిపంపులో పోసి, గోడకు నేనే వేసిన పాత రంధ్రంలోంచి లోపలికి ఎక్కించాను. రంధ్రం మీద తడి సిమెంట్ మెత్తి, మెత్తినట్టు తెలియకుండా స్పాంజితో అద్దాను. ఎప్పుడూ చేసే పనిలాగే శుభ్రంగా చేశాను. బావి పని చేసినప్పుడు ఆ శ్రద్ధలో సగం పెట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

సాయంత్రానికి గోడ మీద రంగు తేలింది. ముందు చిన్న మరక. తర్వాత అరచెయ్యంత. తర్వాత సున్నం మీద నీలమూ పచ్చా కలిసి విచ్చుకుంటూ పోయింది. చాలా అందంగా ఉంది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా దాచను.

నర్సింగరావు గారి కేక విని జనం వచ్చారు. చాయ్ దుకాణం ఆయన, ఇస్త్రీ చేసే ఆయన, ఇంకా ఎవరెవరో సెల్లార్ మెట్ల నిండా నిలబడ్డారు. ఆపాను పిలిచారు. అప్పుడే బజారు నుంచి వచ్చిందేమో, బుర్ఖా కూడా తీయలేదు. గోడ దగ్గరికి వెళ్ళి వేలితో ఆ తడి తీసుకుని బల్బు వెలుతురులో చూసింది.

"రంగు నాదే" అంది.

మెట్ల మీద గుసగుసలు మొదలయ్యాయి. ఆమె ఇంకా వేలినే చూస్తోంది.

"రంగు నాదే. నీళ్ళు నావి గావు."

"గదెట్ల ఆపా?" అన్నారు నర్సింగరావు గారు. ఆయన గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ వినబడింది. "రంగు నీదైతే నీళ్ళు ఎవరియి?"

ఆమె నా వైపు తిరిగింది. "మేస్త్రీ, నువ్వు చెప్పు. రోజు నువ్వే కొలిస్తివి గద. హౌజ్‌ల నీళ్ళు తగ్గినయా?"

తగ్గలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

"రంగు అబద్ధం చెప్పదు ఆపా" అన్నాను.

ఆమె అడిగినదానికి అది జవాబు కాదు. ఆ మెట్ల మీద ఎవరూ అది గమనించలేదు. ఆమె గమనించింది. నా ముఖంలోకి చూసింది. నేను కూడా చూశాను, కళ్ళు దించుకోలేదు. దించుకుంటే దొరికిపోతానని. తర్వాత ఆమె "మాటిచ్చిన గద" అని ఒక్క ముక్క అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మరునాడు పెరట్లో హండాలు బోర్లించి ఉన్నాయి. కొన్నాళ్ళకు హౌజ్ పగలగొట్టించింది. ఆ జాగాలో బాత్రూం కట్టుకుంది. బతకడానికి చీరలకు ఫాల్స్ కుట్టడం మొదలుపెట్టింది. బజారు దుకాణాలవాళ్ళు వచ్చి బతిమాలారట. వినలేదట. ఇదంతా నేను చాయ్ దుకాణం దగ్గరే విన్నాను.

మరి హౌజ్ పోయాక కూడా గోడ చెమ్మగిల్లాలి కదా అని మీరు అడగాలి. నర్సింగరావు గారు అడగకుండా చూసుకున్నాను. ఆ గోడ ముందు కొంచెం సందు వదిలి ఇంకో పలచటి గోడ కట్టాను. సందులోకి దిగే నీళ్ళు మెట్లకింద చిన్న గుంటలోకి పోతాయి. గుంటలో మోటార్. నీళ్ళు పెరిగితే దానంతటదే ఆన్ అయి మోరీలోకి తోసేస్తుంది. "ఎందుకైన మంచిది సార్, జాగ్రత్త కోసం" అని చెప్పాను. ఇన్నేళ్ళూ ఆ బావి నీళ్ళు ఆ ఇంట్లోంచి గుట్టుగా బయటికి పోతూనే ఉన్నాయి. సెల్లార్ పొడిగా ఉంది. పిల్లలు గోడకు ఆనుకుని కూర్చుని ఎక్కాలు చదివారు. దొంగ నీళ్ళను పట్టిన మేస్త్రి అని నాకు పేరొచ్చింది.

పాపం, భయపడి చేశాడు అని మీలో ఎవరో ఇప్పటికే అనుకుని ఉంటారు. వెనక్కి తీసుకోండి. భయం కొంచెమే. అసలుది పొగరు. నేను చేసిన పని కారుతోందని నలుగురిలో అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. దానికి బదులు ఒక ఆడమనిషి బతుకుదెరువు పోయినా ఫరవాలేదనిపించింది. అనిపించిందని కూడా అప్పుడు తెలియలేదు. ఆమె అంతా నిజంగా మానేస్తుందనుకోలేదు, కోపం తగ్గాక మళ్ళీ మొదలుపెడుతుందిలే అనుకున్నాను. మాటంటే మాటే అనుకునే మనుషులు ఉంటారని నాకెందుకు తట్టలేదు? నేను అలాంటివాణ్ణి కాను కాబట్టి.

ఇంకో మాట కూడా అంటాను, మీకు నచ్చకపోయినా. నేను అబద్ధం ఆడాను, నిజమే. కానీ గల్లీ మొత్తం ఎంత తొందరగా నమ్మింది! హౌజ్‌లో నీళ్ళు తగ్గాయా అని ఆమె అడిగిన ప్రశ్న ఎంత సూటిగా ఉంది! ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "మేస్త్రీ, అడిగినదానికి చెప్పు" అని ఉంటే నేను అక్కడే కూలిపోయేవాణ్ణి. ఎవరూ అనలేదు. ఆమె ఇల్లు కాక ఇంకో ఇల్లు అయి ఉంటే అనేవారా? అనేవారనే నా నమ్మకం. ఇది నా తప్పును పంచిపెట్టడానికి చెప్పడం లేదు. నా వాటా మొత్తం నాదే. వాళ్ళ వాటా వాళ్ళు తీసుకోవాలి.

పోయిన వానాకాలం నర్సింగరావు గారు మళ్ళీ పిలిచారు. ఇప్పుడాయన రిటైరై ఇంట్లోనే ఉంటున్నారు. వంటింటి గోడలో మెట్లు మెట్లుగా పగులు వచ్చింది. తలుపు బిగుసుకుపోతోంది. సెల్లార్‌లోకి దిగి చూస్తే మూలన ఫ్లోర్ కుంగింది. కాలితో తడితే డొల్లగా మోగింది. బావిలో దూలాలు పుచ్చిపోయి చెత్త అణిగింది. కాంక్రీట్ కింద ఏమీ లేదు. పక్కనే ఉన్న కాలమ్ కిందికి దిగుతోంది. ఇన్నాళ్ళూ చెమ్మ గొడవ. ఇప్పుడు ఇల్లే కూలేలా ఉంది. పైన శారదమ్మ వంట చేస్తోంది, కింద పిల్లలు చదువుకుంటున్నారు.

"మల్ల గామెదే" అన్నారు నర్సింగరావు గారు. "హౌజ్ జాగల బాత్రూం కట్టింది గద. గా నీళ్ళే మా పునాదిల దిగుతున్నయ్. ఈసారి ఊకునేది లేదు, కంప్లెంట్ ఇచ్చి కూలగొట్టిస్త. నువ్వు జెర మల్ల రంగు పొయ్యి మేస్త్రీ. నువ్వు చెప్తే గల్లీ అంత నమ్ముతది."

ఆ చివరి మాట ఆయన మెచ్చుకోలుగానే అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకో సీసా ముంచితే చాలు. ఈసారి ఆమె బాత్రూం పోతుంది, ఆ తర్వాత ఇల్లు. నా పేరు ఇంకా పెరుగుతుంది.

"రంగు వద్దు సార్. పిల్లల్ని ఇంటికి పంపియ్యండి" అన్నాను.

కాలమ్‌కూ దూలానికీ ఇనుప ఆసరాలు బిగించాను. నా పనివాళ్ళను బయటే ఉండమని, ఫ్లోర్ నేనే పగలగొట్టాను. కాంక్రీట్ పెచ్చు లేవగానే కుళ్ళిన వాసన వచ్చింది. పెంకులు తీశాను, ఇటుకలు తీశాను. తర్వాత నీలం రంగు ఇంకా అక్కడక్కడ అంటుకుని ఉన్న చెక్క చేతికి తగిలింది. తీసి ఆయన కాళ్ళ ముందు పెట్టాను. ఆయన వంగి చూశారు.

"ఇది మా అమ్మ దర్వాజ."

"అవును సార్. మొరం పోస్తానని చెప్పి గిదంత పోసిన. నీళ్ళు ఈ బావియి. మొదటికెల్లి."

ఆయన ఆ చెక్క మీంచి తల తిప్పి గోడ వైపు చూశారు. ఆయన ఆలోచన ఎటు వెళ్తోందో నాకు కనబడుతూనే ఉంది. "మరి గా దినం రంగు?"

"అది సుత నేనే."

ఆయన మెట్ల మీద కూలబడ్డారు. కొడతారనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆయన తల ఎత్తకుండా, "ఎవ్వరికి చెప్పకు" అన్నారు. "కాలమ్ మంచిగ జెయ్యి, చాలు. నీ మీద నేనేం జెయ్య. ఇన్నేండ్లు ఆమెతోని మాట్లాడలే. ఆమె కొడుకు నికాకు పిలిస్తే పోలే. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకొని పోవాలె? నువ్వు సప్పుడు జెయ్యకు, అంతే."

చూశారా? తప్పు చేసినవాడికి దీనికంటే మంచి బేరం దొరుకుతుందా? నేను నోరు మూసుకుంటే ఆయనా మూసుకుంటారు. ఇల్లు నిలబడుతుంది, నా పేరు నిలబడుతుంది. ఒక్క క్షణం ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు. ఆ ఆశను చూసుకున్నాకే నా మీద నాకు నిజంగా అసహ్యం వేసింది.

"చెప్త సార్" అన్నాను. "మీరు కేసు పెట్టినా చెప్త, పెట్టకున్నా చెప్త."

చేతులు కడుక్కోకుండానే పక్కింటికి వెళ్ళాను. ఆపా వాకిట్లో కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. బావి దగ్గర మొదలుపెట్టి సీసా దాకా, చేతిపంపు దాకా, ఆ మెట్ల మీద నేనన్న మాట దాకా. ఎక్కడా మెత్తబరచలేదు. ఆమె సూది ఆగలేదు. అంతా అయ్యాక, ఇంకో నాలుగు కుట్లు వేశాక, అడిగింది:

"అంటే నా హౌజ్ కారలే."

"కారలే ఆపా. ఒక్క చుక్క సుత."

సూదిని గుడ్డలో గుచ్చి పెట్టింది.

"గది మా ఆయన కట్టిండు. ఆయనే సిమెంట్ కలిపిండు, ఆయనే మెత్తిండు. పగలగొట్టినప్పుడు పెచ్చు పెచ్చు ఎత్తి చూసిన, పగులు ఏడున్నదని. కనవడలే. అయినా అనుకున్న, నా కండ్లకు ఆనుతలేదేమో అని. ఇన్నేండ్లు ఆయన్నే తిట్టుకున్న. సరిగ కట్టకపోతివి, నా పని పోగొడితివి అని. చచ్చినోన్ని, దినాం తిట్టుకున్న."

నన్ను తిడుతుందని సిద్ధపడి వెళ్ళాను. ఎంత తిట్టినా పడాలని, ఎదురు చెప్పకూడదని, దారి పొడుగునా అనుకుంటూ వెళ్ళాను. దీనికి మాత్రం సిద్ధపడలేదు. ఆమె నన్ను నమ్మిందని, నా అబద్ధాన్ని తన కళ్ళకంటే ఎక్కువగా నమ్మిందని, నాకు అప్పటిదాకా తెలియదు. నేను ఆమె పని ఒక్కటే పోగొట్టాననుకున్నాను.

"నేనేం జెయ్యాలె ఆపా?"

"నన్నడుగుతవేంది? గా దినం ఎంతమంది ముంగట అన్నవో అంతమంది ముంగట చెప్పు. నాకొక్కదానికి చెప్పి పోదామనుకోకు. చెప్పినంక మల్ల ఇటు రాకు."

ఆ సాయంత్రం చాయ్ దుకాణం ముందు నిలబడి చెప్పాను. గొంతు పెంచే చెప్పాను. చాయ్ దుకాణం ఆయన గ్లాసులు కడగడం ఆపాడు. ఇస్త్రీ ఆయన నా కళ్ళలోకి చూడలేదు. ఎవరో వెనక నుంచి, "పోనీ తియ్యి భయ్యా, ఎప్పటి ముచ్చటో, అయిపాయె" అన్నారు. నాకు తిక్క రేగింది. "ఎట్ల అయితది? ఆమెకు అయిపోయిందా?" అని అరిచాను. నర్సింగరావు గారు తన గేటు దాకా వచ్చి, చువ్వలు పట్టుకుని, పక్కింటి తలుపు వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ తలుపు వేసే ఉంది.

బావిలో చెత్తంతా తీయించాను. ఇసుక, కంకర, మొరం, దిమ్మిస, పైపు, అన్నీ ఉండాల్సినట్టు చేశాను. కాలమ్ కింద కొత్త పునాది పోశాను. నేను ఎప్పుడో చేయాల్సిన పని అది, గొప్పేమీ లేదు. ఈ వానలకు నా ఫోన్ అంతగా మోగడం లేదు. మోగినప్పుడు కొందరు, "ఆ రంగు మేస్త్రివి నువ్వేనా?" అని అడుగుతున్నారు. నేనే అంటున్నాను.

చెప్పి ఏం సాధించావని మా ఆవిడ అడిగింది. ఏమీ సాధించలేదు. ఆపా మళ్ళీ రంగు ముట్టలేదు. నన్ను క్షమించలేదు, క్షమించమని నేను అడగనూ లేదు. ఆమె రావద్దంది కాబట్టి ఆ ఇంటి వైపు వెళ్ళడం లేదు. కానీ ఆమె భర్త కట్టిన హౌజ్ కారలేదు. ఆ సంగతి ఇప్పుడు ఆ గల్లీ అందరికీ తెలుసు. మీకూ తెలుసు. నాకు కాస్త తేలికగా ఉంది. నీలాంటివాడికి ఆ తేలిక కూడా దక్కకూడదని మీరు అనవచ్చు. అనండి. నేను మాత్రం దాన్ని తిరిగి ఇవ్వను.